తాతయ్య కోసం పోసిన రాయి

ఆ ఉదయం ఆకాశం ఏదీ తేల్చుకోలేకపోతోంది. తూర్పున పలచగా వెలుతురు, పడమట బొగ్గు రాసినట్టు నలుపు. రెంటి మధ్యా మబ్బులు అటూ ఇటూ జరుగుతున్నాయి గానీ వాన పడదు, ఎండ రాదు. ఆరున్నరకి నాలుగు చినుకులు రాలి ఆగిపోయాయి. ఏడింటికి కాంట్రాక్టరు ఫోన్ చేశాడు.

"మేస్త్రీ, ఇవాళ రాళ్లు పరిచే పని పెట్టుకోవద్దు. ఇసుక తడిసి ముద్దయిపోద్ది. ఇంట్లోనే ఉండు."

నాది తాపీ పని. ఆరుబయట నడకదారులకీ, వాకిళ్లకీ రాళ్లు పరుస్తాను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. రసమట్టం లేకుండా రాయి వేయనని నన్ను మట్టం మేస్త్రి అంటారు. ఆ గాజుగొట్టంలో బుడగ సరిగ్గా రెండు గీతల మధ్యకి వచ్చేదాకా నేను పక్క రాయికి పోను. కూలివాళ్లు విసుక్కుంటారు. విసుక్కోనీ.

మా ఆవిడ ఆరింటికే ఆసుపత్రి లాండ్రీలో డ్యూటీకి వెళ్లిపోయింది. మా అమ్మాయి డిప్లొమా రెండో ఏడు. పరీక్షలు నడుస్తున్నాయి. ఎనిమిదింటికి చెప్పులు వేసుకుంటూ గుమ్మంలో ఆగింది.

"నాన్నా, ఇంట్లోనేగా ఇవాళ. తాతయ్య మీద ఓ కన్నేసి ఉంచు. మూడు రోజులైంది తిండి ముట్టి. గాజు గీకుతూనే ఉన్నాడు."

"నీ పరీక్ష సంగతి చూసుకో."

"అది నేను చూసుకుంటాలే. తాతయ్యని నువ్వు చూసుకో. ఒంటిగంటకల్లా వచ్చేస్తా."

తాతయ్యంటే మనిషి కాదు, తొండ. కంచె మీద తల ఊపే మామూలు తొండ కూడా కాదు. మూర పొడుగుంటుంది. ఇసుక రంగు ఒళ్లు, పక్కల నిండా ముళ్లు, గొంతు కింద గడ్డంలాంటి తోలు. కోపం వస్తే ఆ గడ్డం ఉబ్బి నల్లబడుతుంది. కాలేజీలో ల్యాబు మేడమ్ ఊరు మారుతూ మా అమ్మాయికి అప్పజెప్పి వెళ్లింది. గడ్డం ఉంది కాబట్టి తాతయ్య అని పేరు పెట్టారు. మా బావమరిది మొదటిసారి చూసి, "అచ్చం మా బావే. మాటా లేదు, పలుకూ లేదు, ఊరికే చూస్తాడు" అన్నాడు. వాడు కరెంటు పని చేస్తాడు. నోరు మాత్రం స్విచ్చు లేని ఫ్యాను.

నాకు దాన్ని పట్టుకోవడం అంటే ఇష్టం ఉండేది కాదు. అయినా అమ్మాయి అడిగితే కాదనలేదు. దానికో ఇల్లు కావాలంది. మూతపడ్డ బేకరీలో గాజు షోకేసు పారేస్తుంటే రిక్షా మీద తెచ్చాను. పాతకాలం చెక్క, బలంగా ఉంది. పై పలక తీసేసి, ఆ చట్రానికి జల్లెడ వల కొట్టాను. బావమరిది బల్బు బిగించి, వేడి ఎక్కువైతే దానంతటదే ఆరిపోయే డబ్బా ఒకటి కలిపాడు. మా ఆవిడ పాత గోనెసంచి కత్తిరించి నాలుగు మూలలా తాళ్లు కుట్టి ఉయ్యాల చేసింది. పగిలిన కుండలో సగం బోర్లిస్తే దాక్కునే గూడైంది. నా దగ్గర మిగిలిన టైలు ముక్కలు చుట్టూ అతికిస్తే నీళ్ల తొట్టి అయింది. ఎండిన కొమ్మొకటి తెచ్చి, వేడినీళ్లు పోసి కడిగి, రెండు రోజులు ఆరబెట్టి అడ్డంగా నిలబెట్టాను. అంగడిలో ఇలాంటివి చూసి ధర అడిగి, అమ్మాయి నోరు మూసుకుని వచ్చేసింది. ఆ సంగతి నాకు దాని మావయ్య చెప్పాడు.

షోకేసు వెనక గోడకి పక్కింటివాళ్లు పారేసిన థర్మాకోలు తెచ్చింది అమ్మాయి. టీవీ పెట్టెలోంచి వచ్చింది. కత్తితో రాతి పొరల్లా కోసి, టైళ్ల సందుల్లో నింపే పొడి కలిపి మూడు పూతలు పూసి, తడి మీద ఇసుక చల్లితే నిజంగానే కొండచరియలా ఉంది. నేనే చేశాను. చేస్తున్నంతసేపూ దూది మీద తాపీ ఆడించినట్టు చిరాకుగా ఉంది.

"నాన్నా, బల్బు కింద పడుకునే అరుగు కూడా దీంతోనే చేద్దాం. తేలిగ్గా ఉంటుంది" అంది అమ్మాయి.

"గోడ వరకే. కూర్చునే చోటు గట్టిగా ఉండాలి. నా చేతి పని ఊదితే ఎగిరిపోకూడదు."

సిమెంటుతోనే పోశాను. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు, కింద రెండు కాళ్లు. పీటలాంటిది. పైన ఎండ కాచుకుంటుంది, కింద గుహలా నీడ. తొట్టిలో నీళ్లలో ముంచి, వారం పాటు రోజూ నీళ్లు మార్చాను. అంచులు రాయితో అరగదీశాను. ఎవరెవరి ఇళ్ల ముందో ఎన్ని మెట్లు కట్టానో లెక్కలేదు. అద్దె ఇంట్లో ఉండేవాణ్ని, నా ఇంట్లో నేను కట్టింది అదొక్కటే. అది చెప్పుకోదగ్గ సంగతి కాదు గానీ, మనసులో ఉండేది.

పెట్టేరోజు గొడవైంది.

"నాన్నా, ముందు రాయి పెట్టి తరవాత ఇసుక పోయాలి. కాళ్లు అడుగు చెక్క మీద ఆనాలి."

"ఎందుకు?"

"తాతయ్య తవ్వుతాడు. కింద ఇసుక పోతే రాయి మీద పడుతుంది."

"నేను పరిచిన రాళ్ల మీద లారీలు తిరుగుతున్నాయే! ఇసుక మీద పడుకోబెట్టిన రాయి కదలదు. పక్కకి జరుగు."

"లారీలు వేరు..."

"నాకు రాయి పెట్టడం నేర్పుతావా?"

అమ్మాయి మాట మింగేసింది. నేను జానెడు ఎత్తు ఇసుక పోశాను. తడిపాను, దిమ్మిస కొట్టాను, చెక్కతో రుద్దాను. దాని మీద రాయి దించి, చెక్క సుత్తితో మెల్లగా తడుతూ రసమట్టం చూశాను. అక్కడే ఉన్న బావమరిది, "బావా, బుడగ పక్కకి పోతే తాతయ్య జారిపడి నడుం విరగ్గొట్టుకుంటాడా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను బుడగ మధ్యకి వచ్చాకే లేచాను.

లారీలు తవ్వవు. నాకా రోజు తట్టలేదు.

అమ్మాయి పరీక్షకి వెళ్లాక టీ పెట్టుకుని వరండాలో కూర్చున్నాను. తొమ్మిదింటికి ఉరుము వినపడింది. ఆ వెంటనే కరెంటు పోయింది. గదిలోకి చలిగాలి వస్తోంది. తాతయ్యకి వేడి లేకపోతే కష్టమని అమ్మాయి చెబుతూ ఉంటుంది. ఒంట్లో వేడి సొంతంగా పుట్టదట. దుప్పటి తీసుకుని వెళ్లాను, షోకేసు మీద కప్పుదామని.

అరుగు మీద తాతయ్య లేదు.

గుహలోకి టార్చి వేశాను. లేదు. కుండపెంకు ఎత్తి చూశాను. లేదు. ఉయ్యాల ఖాళీ. కొమ్మ ఖాళీ. షోకేసుకి జారే గాజు తలుపులు రెండు. వాటి మధ్య వేలు దూరేంత సందు ఉంది. అందులోంచి బయటికి వచ్చేసిందా? అంత ఒళ్లు అందులో పట్టదు. పట్టదని తెలిసి కూడా ఇల్లంతా వెతికాను. మంచాల కింద, బియ్యం డబ్బా వెనక, స్నానాలగదిలో తూము దగ్గర. అమ్మాయి తవుడులో పురుగులు పెంచే డబ్బా కూడా తెరిచాను. దానికి మేత అవే. ఒకసారి మా ఆవిడ మామూలు తవుడనుకుని చెయ్యి పెట్టి, నాలుగు రోజులు ఆ గదిలోకి రాలేదు. ఆ డబ్బాలో తాతయ్య ఎందుకుంటుంది? కాళ్లు చేతులు ఆడనప్పుడు మనిషి ఎక్కడైనా వెతుకుతాడు.

అరగంట పోయింది. మళ్లీ వచ్చి షోకేసు ముందు నేల మీద కూర్చున్నాను.

అప్పుడు కనపడింది. వెనక గోడ మీద నేనే కోసిన రాతి పొరల గీత ఉంది. దాని ముందు అరుగు అంచు. రెండూ సమానంగా ఉండాలి. ఎడమ పక్క ఆ రెంటికీ మధ్య గోరంత తేడా ఉంది. ఇంకొకరికి కనపడదు. నాకు పంటి కింద రాయిలా కనపడింది.

రసమట్టం తెచ్చి చెయ్యి లోపలికి పెట్టి అరుగు మీద ఆనించాను. బుడగ కుడి కొసకి పోయి అక్కడే ఉండిపోయింది. ఎడమ కాలు కుంగింది. నేను పెట్టిన రాయి ఊరికే కుంగదు. కుంగిందంటే దాని కింద ఇసుక లేదు.

మళ్లీ టార్చి వేశాను. గుహలో ఎడమ కాలి పక్కన ఇసుక కుప్ప. ఇందాకా చూశాను గానీ పట్టించుకోలేదు. పైన ఉండే ఇసుక రంగు వేరు, ఇది అడుగున ఉండే తడి రంగు. తవ్వి తోసిన ఇసుక. కుప్ప ఉంది గానీ కన్నం లేదు. మూసుకుపోయింది.

అమ్మాయి చెప్పింది చెప్పినట్టే జరిగింది.

గాజుకి చెవి ఆనించాను. ఏమీ వినపడలేదు. ఇసుక మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. కింద కదలికేమీ తెలియలేదు.

రెండు చేతులతో తోడేద్దామనిపించింది. తోడలేదు. కుంగిన గోడ కింద మట్టి తీస్తే ఏమవుతుందో నేను చూశాను. నేను ఎంత తోడితే రాయి అంత దిగుతుంది. ముందు రాయిని పట్టుకోవాలి, తరవాతే ఇసుక. నా ఒక్కడివల్ల కాదు. గడియారం చూశాను. పది దాటింది. ఒంటిగంటకి అమ్మాయి వస్తుంది.

బావమరిదికి ఫోన్ చేశాను.

"ఏం బావా, మబ్బు పడితే గానీ నేను గుర్తు రానా?"

"రా."

"ఎక్కడికి?"

"ఇంటికి. లావు వైరు తీసుకురా. పెద్ద మోటార్లకి వేసేది."

"కరెంటు పోయింది ఊరంతా. నీ ఒక్క ఇంటికి నేనెక్కణ్నించి..."

"రాయి కుంగింది."

"ఏ రాయి?"

"తాతయ్య రాయి."

"తాతయ్య ఎక్కడున్నాడు బావా?"

నేను ఇసుక వైపు చూశాను.

"వస్తున్నా."

ఇరవై నిమిషాల్లో వచ్చాడు. తల మీంచి నీళ్లు కారుతున్నాయి. చినుకులు మొదలైనట్టున్నాయి, నేను గమనించలేదు. అప్పటికి నేను గాజు తలుపులు తీసే పనిలో ఉన్నాను. అవి సగం దాకే పక్కకి జరుగుతాయి, పూర్తిగా తీయాలంటే పైకి ఎత్తి, కింద గాడిలోంచి తప్పించాలి. గాడి నిండా ఇసుక దిగి బిగిసిపోయింది. చిన్న తాపీ కొసతో రవ్వ రవ్వ గీకుతున్నాను. గట్టిగా లాగితే షోకేసు కదులుతుంది. షోకేసు కదిలితే రాయి కదులుతుంది.

"నేను లాగనా?" అన్నాడు.

"వద్దు. ముట్టుకోకు."

"ఎంతసేపైంది?"

"తెలీదు."

"బావా, లోపల ఊపిరి..."

"ఊరుకోరా."

ఊరుకున్నాడు. వాడు ఊరుకుంటే నాకు ఇంకా భయమేసింది. ఒక తలుపు వచ్చింది. దాన్ని గోడకి ఆనించాను. రెండోది దానంతటదే వచ్చింది.

వల తీసేశాం. గడ్డపార తెచ్చి, షోకేసు పై చట్రం మీద ముందు నుంచి వెనకకి, ఎడమ కాలికి సరిగ్గా పైన పెట్టాను. వైరు అరుగు కిందనుంచి గుహలోంచి దూర్చి, పైకి తెచ్చి, గడ్డపారకి చుట్టి ముడి వేశాడు వాడు. ముడి వెయ్యడంలో వాడికి తిరుగులేదు. రెండు పేటల మధ్య పెద్ద స్క్రూడ్రైవరు దూర్చాడు. అది తిప్పితే వైరు మెలిపడుతుంది, మెలిపడినకొద్దీ పొట్టిదవుతుంది, రాయి లేస్తుంది.

"మెల్లగా. ఒక చుట్టు తిప్పి ఆగు" అన్నాను.

"సరే."

"నే చెప్పేదాకా ఊపిరి కూడా పీల్చకు."

"పీల్చనులే బావా. తాతయ్యకి తోడుగా ఉంటా."

ఎందుకన్నాడో ఆ మాట. అని, తనే నాలిక కరుచుకున్నాడు.

నేను నేల మీద బోర్లా పడుకుని, కళ్లు అరుగు అంచుకి సమానంగా పెట్టాను. రసమట్టం రాయి మీదే ఉంచాను. ఒక చుట్టు. రెండు. వైరు కీచుమంది. బుడగ కదల్లేదు. మూడు. చట్రం చెక్క కిర్రుమంది. నాలుగో చుట్టుకి బుడగ కుడి కొస వదిలి వెంట్రుకవాసి లోపలికి జరిగింది.

"లేస్తోంది."

"వైరు సాగుతోంది బావా."

"పట్టుకో."

"పట్టుకున్నా. చెయ్యి తెగిపోతోంది."

"తెగనీ."

ఇంకో చుట్టు. అప్పుడు ముడి అరంగుళం జారింది. టక్కున శబ్దం. రాయి దిగింది. ఎంత దిగిందో తెలియలేదు. వాడు స్క్రూడ్రైవరుకి పొట్ట ఆనించి ఆపాడు. ముక్కు మీంచి చెమట నా మెడ మీద పడింది.

"ఆగిందా?"

"ఆగింది. తిప్పు."

బుడగ మధ్యకి వచ్చింది. మధ్య దాటి ఎడమకి పోయింది. ఇప్పుడు రాయి ఎడమ కాలు గాల్లో ఉందని అర్థం. గుహ మధ్యలో, కాలికి దూరంగా, చేత్తో ఇసుక తీశాను, అడుగు చెక్క తగిలేదాకా. ఆ చెక్క మీద ఇటుకలు రెండు పేర్చి, పైన చెక్కముక్క దూర్చి రాయికి బిగించాను. ఇటుక ఇసుక మీద లేదు, అడుగు మీద ఉంది. అమ్మాయి చెప్పినట్టే.

అప్పుడు తవ్వాను. చెంచాతో కాదు, వేళ్లతో. తడి ఇసుక గోళ్లలోకి దిగుతోంది. నాలుగంగుళాలు పోయాక గరుకుగా తగిలింది. తోక. పట్టి లాగాలనిపించింది. చుట్టూ ఇసుక తీశాను. వెనక కాళ్లు. నడుం. రాయి కాలి అంచు పడ్డ చోట ఎడమ తొడ మీద గుంటలా ఉంది. తల ఒక మూలకి తిరిగి ఉంది. ముక్కు ముందు గుప్పెడు ఖాళీ ఉంది. ఆ కాస్త చోటే దాన్ని కాపాడిందో, కాపాడలేదో.

రెండు చేతులతో ఎత్తాను. అంతకుముందు ఎప్పుడూ పట్టుకోలేదు. తడిసిన తోలు సంచిలా వేలాడింది. కళ్లు మూసి ఉన్నాయి. గడ్డం నల్లగా ఉంది.

"ఉందా?" అన్నాడు బావమరిది.



చొక్కా గుండీలు తీసి లోపల పెట్టుకున్నాను. ఛాతీ మీద చల్లటి రాయి పెట్టినట్టుంది. మా ఆవిడ శాలువా పైన చుట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నాను. వాడు పశువుల డాక్టరుకి ఫోన్ చేశాడు. ఫోన్ స్పీకర్లో పెట్టాడు.

"తొండా?" అన్నాడాయన.

"గడ్డం తొండండీ. ఇంట్లో పెంచేది."

"గేదె అయితే కళ్లు మూసుకుని చెబుతాను. తొండకి... సరే. ఒక్కసారిగా వేడి చెయ్యకండి. మంట దగ్గర పెట్టొద్దు. ఒంటి వేడి చాలు. కాళ్లు లాగి చూడొద్దు. సాయంత్రానికి వెనక కాలు కదిలితే సరే. కదలకపోతే రేపు పొద్దున్నే తీసుకురండి, నడుం చూడాలి."

"అసలు బతుకుతుందా సార్?"

"ఊపిరి ఉందా?"

వాడు నా వైపు చూశాడు. నేను కళ్లు మూసుకుని నా ఛాతీ మీది బరువుని వినడానికి ప్రయత్నించాను. నా గుండె చప్పుడు తప్ప ఏమీ లేదు. అది తగ్గితే గానీ ఇంకోటి వినపడదు. తగ్గదు. చాలాసేపటికి, నా బనియను మీద ఏదో గుచ్చుకుంది. గోరు. ఒకటే. గుచ్చుకుని, వదిలి, మళ్లీ గుచ్చుకుంది.

"ఉంది" అన్నాను.

ఫోన్ పెట్టేశాక వాడు షోకేసు దగ్గరికి వెళ్లి గుంతలోకి టార్చి వేశాడు. అలాగే వంగి ఉండిపోయాడు.

"బావా."

"ఏంటి?"

"తాతయ్య... అమ్మమ్మ అయ్యాడు."

"ఏం వాగుతున్నావురా?"

"గుడ్లు బావా. ఇదిగో. చిటికెన వేలంతవి. పద్నాలుగో పదిహేనో ఉన్నాయి. రెండు చితికాయి."

అందుకా మూడు రోజుల నుంచి తిండి మానేసింది. అందుకా గాజు గీకింది. గుడ్లు పెట్టడానికి తడి ఇసుక వెతుక్కుంది. ఇల్లంతా వదిలేసి నా రాయి కాలి కిందే ఎందుకు తవ్విందంటే, తడిపి దిమ్మిస కొట్టింది నేనే కాబట్టి. అక్కడి ఇసుకే జారకుండా నిలబడింది. నేను బాగా చేసిన పనే దాని మీద పడింది.

గడ్డం చూసి మగదనుకున్నాం. ఎవరం అడిగి చూడలేదు.

వాడు వచ్చి పక్కన కూర్చున్నాడు. అరచేతిలో వైరు కోసిన గీత నెత్తురు చిమ్ముతోంది. చొక్కా కొసతో ఒత్తుకుంటూ గొంతు తగ్గించి అన్నాడు:

"ఒక మాట చెబుతా వింటావా? పన్నెండున్నర అయింది. రాయి యథాప్రకారం పెట్టేద్దాం. గాజులు బిగించేద్దాం. గుడ్లు పెట్టి అలిసిపోయిందని చెబుదాం. పాపకి రేపు ఇంకో పరీక్ష ఉంది కదా. ఇప్పుడు ఇదంతా చెప్పి దాని మనసు పాడుచెయ్యడం ఎందుకు?"

వాడి మాటలో మంచి ఉంది. పరీక్ష మాట నిజం. కాలు కదిలితే అసలు ఏమీ జరగనట్టే. కదలకపోతే గుడ్ల వల్లనో, ముసలితనం వల్లనో అనుకుంటుంది. నన్ను అనదు. అంత తేలిక.

"ఏమంటావ్?" అన్నాడు.

"రాయి బయటికి తియ్యి."

"బావా..."

"బయటికి తీసి వాకిట్లో పెట్టు. అమ్మాయి వచ్చేసరికి కనపడాలి."

వాడు నన్ను ఒకసారి చూసి లేచాడు. ఒక్కడే పొట్టకి ఆనించుకుని మోశాడు. గుమ్మం దాటుతూ, "ఎంత బరువు పోశావ్ బావా, ఇది తొండకా ఏనుక్కా" అని గొణిగాడు. దించిన చప్పుడు వినపడింది.

ఒంటిగంటకి పది నిమిషాలు తక్కువగా గేటు చప్పుడైంది. అడుగులు వాకిట్లో ఆగాయి. రాయి దగ్గర. ఎంతసేపు ఆగాయో. నా ఛాతీ మీద గోళ్లు ఇప్పుడు నాలుగు ఉన్నాయి. ముందు కాళ్లవే. వెనకవి లేవు.

అమ్మాయి లోపలికి వచ్చింది. గాజుల్లేని షోకేసు చూసింది. ఇటుకలు చూసింది. మావయ్య చెయ్యి చూసింది. నా చొక్కాలోంచి బయటికి వచ్చిన ముళ్ల తల చూసింది. కళ్లు తెరిచే ఉన్నాయి అప్పటికి.

"కింద తవ్వింది" అన్నాను. "రాయి కుంగి మీద పడింది. నువ్వు చెప్పావు. నేను వినలేదు."

అంతే ఉంది చెప్పడానికి.

"పాపా, గుడ్లు పెట్టిందే..." అని మొదలుపెట్టాడు బావమరిది.

"మావయ్యా, ఉండు."

నా ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. శాలువా తొలగించి, వేలి కొసతో మొదట కుడి వెనక కాలి కింద రాసింది. తాతయ్య ఆ కాలు వెనక్కి లాక్కుంది. ఎడమ కాలి కింద రాసింది. కదల్లేదు. మళ్లీ రాసింది. కదల్లేదు. అమ్మాయి కింది పెదవి బిగుసుకుంది. చిన్నప్పుడు సూది మందు వేయించినా అలాగే బిగించేది, ఏడ్చేది కాదు.

"నేను చెప్పాను కదా నాన్నా" అంది. ఒక్కసారే అంది. పెద్దగా కూడా అనలేదు. పెద్దగా అంటే బాగుండేది.

"చెప్పావమ్మా."

లేచి వెళ్లి గుంతలోంచి గుడ్లు ఒక్కొక్కటే తీసి గిన్నెలో పెట్టింది. "మగది లేకుండా పెట్టినవి. వీటిలోంచి ఏమీ రావు" అంది ఎవరికీ కాకుండా. ఇసుక సర్దింది. కుండపెంకు పక్కన గోనెగుడ్డ మడిచి పరుపులా వేసింది. అప్పుడే కరెంటు వచ్చింది. బల్బు వెలిగింది. నా చేతుల్లోంచి తాతయ్యని తీసుకుని ఆ గుడ్డ మీద పడుకోబెట్టింది. వేలి కొస నుంచి నీళ్లు బొట్టు బొట్టుగా ముక్కు మీద వదిలితే నాలుక బయటికి పెట్టి నాకింది. నాలుగు బొట్లు.

నేను తలుపు వెనక మిగిలిన థర్మాకోలు పలకలు తెచ్చి వరండాలో కూర్చుని కత్తితో కోయడం మొదలుపెట్టాను. రెండడుగుల పొడుగు, అడుగు వెడల్పు. కోస్తుంటే తెల్లటి గుండ్లు చేతికి అంటుకుంటున్నాయి. దులిపితే పోవు. అమ్మాయి గుమ్మంలోకి వచ్చి కాసేపు చూసింది.

"అంచులు మందంగా ఉంచు. అది ఎక్కేటప్పుడు గోళ్లకి పట్టు కావాలి" అంది.

"సరే."

"కాళ్లు వద్దు. గోడకి అతికిద్దాం. కింద ఏమీ ఆననక్కర్లేదు."

"సరేనమ్మా."

రెండున్నరకి మా ఆవిడ వచ్చింది. వాకిట్లో రాయి చూసి ఆగి, లోపలికి వచ్చి మా ముగ్గురి మొహాలూ చూసి, చేతిసంచి దించింది. బావమరిది అంతా చెప్పాడు. తక్కువ మాటల్లో చెప్పాడు, వాడికి అలవాటు లేని పని. ఆవిడ విని, "అయితే మీరెవరూ తినలేదా?" అంది. ఎవరం తినలేదు.

వంటగదిలో పీటలు వేసింది. అమ్మాయి తన కంచం పట్టుకుని గదిలోకి వచ్చేసి షోకేసు ముందు నేల మీద కూర్చుంది. మా ఆవిడ ఏమీ అనకుండా అన్నం గిన్నె, కూర గిన్నె అక్కడికే తెచ్చింది. బావమరిది గోడకి ఆనుకుని కూర్చున్నాడు, ఎడమచేతికి గుడ్డ కట్టుకుని. నేను నిలబడి ఉన్నాను. ఎక్కడ కూర్చోవాలో తెలియలేదు. అమ్మాయి తలెత్తకుండా కాళ్లు దగ్గరికి లాక్కుంది. అక్కడ ఒక మనిషికి చోటైంది. కూర్చున్నాను.

మా బావమరిది మాట్లాడకుండా తినడం ఆ ఇంట్లో అదే మొదటిసారి. గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు. బయట ఇప్పుడు వాన గట్టిగా పడుతోంది, వాకిట్లో రాయి మీద పడే చినుకుల చప్పుడు వేరుగా తెలుస్తోంది. అందరి కళ్లూ బల్బు కింద ఆ ఎడమ కాలి మీదే. మూడో ముద్ద దగ్గర ఆ కాలి చివరి వేలు కొంచెం ముడుచుకుంది. వెలుతురు ఊగిందేమో. నా చెయ్యి నోటి దాకా వెళ్లి ఆగింది. చూస్తే మా ఆవిడ చెయ్యీ ఆగింది, బావమరిది చెయ్యీ ఆగింది. అమ్మాయి నమలడం మానేసి, గాజు లేని ఆ షోకేసు వైపు కొంచెం ముందుకి వంగి ఉంది.

కాసేపటికి మళ్లీ తినడం మొదలుపెట్టాం.